చెవమ్మ, రెండు గళ్ల పుస్తకం

చేతికి ఏ వస్తువు వచ్చినా ఆమె ముందు దాన్ని ఒకసారి తడుతుంది. మధ్యవేలు వంచి, కణుపుతో, ఒక్కసారే. తర్వాత ఎడమ చెవి అటు వంచి ఆగుతుంది. టీ గ్లాసు, పుచ్చకాయ, కొత్త బకెట్టు, అద్దెకు చూడబోయిన ఇంటి గోడ, ఏదైనా సరే. ఆ ఆగడం చూసేవాళ్లకు విసుగు. దుకాణంలో వెనక నిలబడ్డవాళ్లు, "కొంటారా, పాట పాడిస్తారా?" అంటారు. ఆమె వినడం పూర్తయ్యాకే ఊపిరి వదులుతుంది.

పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెవమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆ పట్టీ చదివే మనిషి కూడా చెవమ్మ అనే పిలుస్తాడు.

పంతొమ్మిదో ఏట పనిలో చేరింది. ఇప్పటికి ముప్ఫై ఒక్కేళ్లు. బట్టీలో కాలి దిగిన కప్పులు ట్రేలలో ఆమె బల్ల మీదికి వస్తాయి. ఎడమచేతి మూడు వేళ్ల మీద కప్పును నిలబెట్టి, కుడిచేతిలోని సన్నటి చెక్కపుల్లతో అంచుకు కాస్త కింద తడుతుంది. పగులు లేని కప్పు మోగుతుంది. పగులున్నది, కంటికి ఆనని వెంట్రుకంత పగులైనా, గొంతు పట్టేసినట్టు పలుకుతుంది. దాన్ని బొంగురు కప్పు అంటారు. మోగింది కుడివైపు, బొంగురుది ఎడమవైపు. ఆమెకు పని నేర్పిన ముసలామె ఒకే ముక్క చెప్పి వెళ్లిపోయింది. "తట్టడం ఎవరైనా తడతారు. ఆగడం నేర్చుకో."

లెక్కలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. మోగినవాటిని ఎన్నడూ లెక్కపెట్టదు. ట్రేకు వంద కప్పులు. ఎడమవైపు బొంగురువి ఏడుంటే కుడివైపు తొంభై మూడు ఉన్నట్టే. చూడనక్కర్లేదు. కప్పు మోగుతుంది, లేదా మోగదు. రెండూ ఒకేసారి జరగవు. రెండూ జరగకుండానూ పోవు. ఒకటి తెలిస్తే వందలోంచి తీసేయడమే. ముప్ఫై ఒక్కేళ్లలో ఈ తీసివేత ఒక్కసారీ తప్పలేదు. అందువల్ల అది కప్పులకు మాత్రమే చెల్లే లెక్క అని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

భర్త పోయి పదేళ్లు. పిల్లలు లేరు. మరిది, తోడికోడలు, ఆమె ఒకే ఇంట్లో ఉంటారు. రెండు గదులు, మధ్యలో వంటిల్లు. మరిది హైస్కూల్లో లెక్కల మాస్టారు. తోడికోడలికి ఫ్యాక్టరీలో పని ఇప్పించింది చెవమ్మే, ఆరేళ్ల కిందట. ఆమె పని పక్క గదిలో. మోగిన కప్పులను పాత కాగితంలో చుట్టి నలభై ఎనిమిది చొప్పున పెట్టెల్లో సర్దుతుంది. ఇవతలిది తట్టే గది, అవతలిది కట్టే గది. మధ్యలో చెక్క అడ్డు. తట్టే చప్పుడు అందులోంచి వినిపిస్తూ ఉంటుంది. తోడికోడలి చేతులు ఆ చప్పుడుకే ఆడతాయి. ఇటు పుల్ల ఆగితే అటు కాగితం ఆగుతుంది.

ఆ చలికాలం చెవమ్మకు ఒక చిన్న సుఖం దొరికింది. ట్రేలు వెచ్చగా వస్తున్నాయి. పొద్దున్నే మొదటి కప్పును రెండు అరచేతుల్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది. ఒకరోజు అడ్డుకు ఇవతలినుంచి, "ఈ ఏడు మనమీద ఎవరికో జాలేసింది, కప్పులు కాచి పంపుతున్నారు" అంది కూడా. అటునుంచి నవ్వు వినిపించింది. వాళ్లిద్దరూ అడ్డుకు అటూ ఇటూ నవ్వుకోవడం అదే చివరిసారి, చాలా రోజులవరకు.

ఆ తర్వాతి నెల మొదటి వారంలో సూపర్‌వైజరు గోడౌనులో ఆరు పెట్టెలు విప్పించాడు. పదకొండు కప్పులు పగిలి ఉన్నాయి. లారీ ఎక్కకముందే విప్పించాడు కాబట్టి దారిలో పగిలాయనడానికి లేదు. ఆయన ఒక కొత్త పుస్తకం తీసి, స్కేలు పెట్టి, పేజీ మధ్యలో నిలువు గీత గీశాడు. ఎడమ గడిలో తట్టే గది అని, కుడి గడిలో కట్టే గది అని రాశాడు. ఇద్దరినీ పిలిచి చూపించాడు.

"పగిలిన కప్పు నీ చెవి దాటి వచ్చైనా ఉండాలి, ఈమె చేతిలో పగిలైనా ఉండాలి. ఒకే పగులు రెండుచోట్ల పుట్టదు కదా. ఎవరిదో మీరే తేల్చుకుని చెప్పండి. చెప్పకపోతే నేనే రాస్తాను. ఏ గడిలో లెక్క ఎక్కువుంటే ఆ మనిషి నెలాఖరుకు మానెయ్యాలి. ఒక్కరే."

బయటికి రాగానే తోడికోడలు, "నేను పగలగొట్టలేదక్కా" అంది.

అడగకుండానే చెప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకుంది చెవమ్మ.  నడుస్తూ తీసివేత చేసుకుంది. నా చెవి తప్పు కాకపోతే దీని చెయ్యి. దీని చెయ్యి తప్పు కాకపోతే నా చెవి. మూడోది కనబడలేదు. పక్కన తోడికోడలు నడుస్తోంది. అదీ ఇదే లెక్క చేస్తోందని చెవమ్మకు తెలుసు.

చెవి పోతే ఆమెకు ఇంకేం మిగలదు. ఆ ఫ్యాక్టరీలో ఆమె పని పేరూ చెవే, ఆమె పేరూ చెవే.

ఇంట్లో గోడ గడియారం ఉంది. మర్నాడు ఎవరూ లేనప్పుడు దాని కింద నిలబడి, టిక్కు టిక్కుమంటుంటే ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. వినపడటం ఆగినచోట నేలమీద సుద్దముక్కతో చిన్న గీత గీసింది. అప్పటినుంచి రోజూ అదే సమయానికి ఆ గీత మీద నిలబడి వినేది. గీత వెనక్కి జరిగితే సరే, ముందుకు జరిగిందంటే చెవి తగ్గుతున్నట్టు. జరగలేదు. నాలుగోరోజు ఇల్లు తుడిచిన తోడికోడలు ఆ గీతను మాత్రం తుడవకుండా, దాని చుట్టూ తడిగుడ్డ తిప్పి వదిలేసింది. దాన్ని చూసి చెవమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

మరో సాయంత్రం కూర తరుగుతుంటే వెనకనుంచి, ఊపిరంత మెల్లగా, "అక్కా, పాలు పొంగుతున్నాయి" అని వినిపించింది. చటుక్కున తిరిగింది. పొయ్యి మీద గిన్నే లేదు. గుమ్మంలో తోడికోడలు నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఉన్నది ఊరటో నిరాశో తెలియలేదు.

"ఊరికే అన్నా" అంది తోడికోడలు.

"వినబడింది" అంది చెవమ్మ.

తర్వాతి వారం చెవమ్మ కప్పు అడుగున, పాదం లోపలివైపు, పెన్సిల్‌తో చుక్క పెట్టడం మొదలుపెట్టింది. మోగినవాటికే చుక్క. ఎడమవైపు బొంగురు కప్పుల్లోంచి ఎవరైనా తీసి పెట్టెలో కలుపుతున్నారేమోనని ఆమె అనుమానం. గోడౌనులో మళ్లీ పగిలినవి తేలాయి. తిప్పి చూసింది. అన్నిటికీ చుక్క ఉంది. అంటే తన చేతికింద మోగినవే. అయితే తోడికోడలి చెయ్యే అనుకుంది.

అడ్డులో ఒక పలక వదులైన చోట సందు ఉంది. అందులోంచి కట్టే గదిలోకి చూసింది. తోడికోడలి చేతులు కప్పును నిద్రపోయే పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దింపుతున్నాయి. కాగితం ఒక పొర చుట్టాల్సింది రెండు పొరలు చుడుతోంది. చెవమ్మకు ఆ మెత్తదనం మీద కూడా అనుమానం వచ్చింది. నేను చూస్తున్నానని తెలిసే చేస్తోంది. లేకపోతే రెండో పొర ఎందుకు?

ఆదివారం మధ్యాహ్నం మరిది వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. తోడికోడలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెవమ్మ కొద్ది దూరంలో చిరిగిన దిండు గలీబు కుడుతోంది. ఈమధ్య ముగ్గురూ ఒకచోట కూర్చున్నా ఎవరి పని వాళ్లదే. మరిది ఉన్నట్టుండి ఎర్ర పెన్ను కింద పెట్టి, అరవైమందిలో నలభైమంది ఒకే తప్పు రాశారన్నాడు. ఏం తప్పని పెళ్లాం అడిగింది.

"సంభావ్యతలో. పాచిక వేస్తాం. రెండు పడటం, అయిదు పడటం. రెండూ ఒకేసారి పడవు కదా. ఒకటి జరిగితే రెండోది జరగదు. వాటిని పరస్పర వర్జిత ఘటనలంటాం. అంతవరకు ముత్యాల్లా రాశారు. కిందికొచ్చేసరికి, రెండు పడకపోతే అయిదు పడ్డట్టే అని తేల్చేశారు. మరి ఒకటీ, మూడూ, నాలుగూ, ఆరూ ఎక్కడికి పోయాయి? వీళ్ల నాన్నలు జేబులో వేసుకెళ్లారా?"

తోడికోడలు నవ్వలేదు. చెవమ్మ సూది ఆగింది.

"సరి సంఖ్య, బేసి సంఖ్య అంటే అప్పుడు వేరు" అన్నాడు మరిది. "సరి పడకపోతే బేసి పడి తీరుతుంది. రెండూ కలిస్తే పాచిక మొత్తం నిండిపోతుంది. అవి పూరక ఘటనలు. ఒకదాన్ని మొత్తంలోంచి తీసేస్తే రెండోది వస్తుంది. కలిసి జరగకపోవడం వేరు వదినా, కలిసి అన్నిటినీ నింపడం వేరు."

వదినా అన్నాడు. అడిగింది పెళ్లాం, జవాబు వదినకు. చెవమ్మ ఆ పిలుపును తట్టి చూసింది. బొంగురుగా పలికింది. ఎర్ర ఇంకు మాటున పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడు.

"నీ పాచికకు ఆరు ముఖాలు. మా కప్పు రెండు చేతుల మీదుగానే పోతుంది" అంది.

"రెండే అని ఎవరు లెక్కపెట్టారు?"

"సూపర్‌వైజరు."

"ఆయన నా క్లాసులో కూర్చుంటే నలభై ఒక్కరయ్యేవారు" అని మరిది మళ్లీ పెన్ను అందుకున్నాడు.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఉపాయం తట్టింది. చెవీ చెయ్యీ రెండూ నిజమే చెబుతున్నాయా అని అడగడం కాదు, చెయ్యి తగలకుండా చూస్తే సరి. కట్టే గదికి వెళ్లని కప్పులు పగలకుండా ఉంటే, పగిలేది కట్టే గదిలోనే అని తేలిపోతుంది. మరిది లెక్క మరిది దగ్గరే ఉంటుంది.

సోమవారం పొద్దున మోగిన కప్పులు నలభై ఎనిమిది విడిగా తీసింది. సరిగ్గా ఒక పెట్టెకు పట్టేవి. చెవిని ఒక్కదాన్నే నమ్మకూడదని ఇంకో పరీక్ష కూడా పెట్టింది. ముసలామె రోజుల్లో అనుమానం కప్పులకు సిరానీళ్లు పూసి తుడిచేవాళ్లు. పగులుంటే సిరా అందులోకి దిగి సన్నగీతలా నిలబడుతుంది. నలభై ఎనిమిదింటికీ పూసింది, తుడిచింది, కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. తన గదిలోని ఇనుప అలమారులో బోర్లించింది. తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. అంతటితో ఆగలేదు. రెండు తలుపుల పిడులకు నల్లదారం చుట్టి తనకు మాత్రమే వచ్చిన ముడి వేసింది. కప్పులు వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం గురించి ఆమె ఏమీ అనుకోలేదు.

నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో తోడికోడలితో అనాల్సిన మాట సిద్ధం చేసుకుంది. ఒప్పేసుకో, నేను సూపర్‌వైజరుకు మెల్లగా చెబుతాను. ఆ మాట ఎన్నిసార్లు అనుకుందో, అన్నిసార్లూ అది దయగా వినిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి అందరూ వెళ్లాక అలమారు ముందు నిలబడింది. దారం అలాగే ఉంది. ముడి తనదే. తెరిచింది. ఒక్కొక్క కప్పు తీసి తట్టింది. పద్దెనిమిది మోగాయి.

పంతొమ్మిదోది మోగలేదు.

ముందు చెవిని అనుమానించింది. మళ్లీ తట్టింది. పుల్లను అనుమానించి వేరే పుల్లతో తట్టింది. సిరానీళ్లు పూసి తుడిచింది. పిడి పక్కనుంచి అడుగువరకు నీలపు వెంట్రుక ఒకటి దిగి ఉంది. సోమవారం అది లేదు. ముప్ఫై ఏడోది కూడా అలాగే పలికింది, అలాగే గీత చూపింది. మిగిలినవన్నీ మోగాయి. పెట్టెడు కప్పుల్లో రెండు. గోడౌనులో ఆరు పెట్టెల్లో పదకొండు. ఇంచుమించు అదే.

తాళం ఎవరో తీశారనుకుంది. దారం చూసింది. ముడి చూసింది. ఎంత చూసినా ముడి తనదే. అనుమానించడానికి మనిషి దొరకలేదు. పగిలిన కప్పును ఏం చేయాలో తెలియక చెంపకు ఆనించుకుంది. చల్లగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, సోమవారం ఇది వెచ్చగా ఉంది. ముప్ఫై ఏళ్లపాటు కప్పులు ఆమె దగ్గరికి చల్లగానే వచ్చేవి.

పగిలిన రెండు కప్పులూ పట్టుకుని బట్టీ దగ్గరికి వెళ్లింది. బట్టీ మేస్త్రి తువ్వాలు తలకు చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కప్పులు వెచ్చగా ఎందుకొస్తున్నాయని అడిగితే, ఇదివరకు బట్టీని నాలుగో రోజున తెరిచేవాడినని, రెండు నెలలనుంచి మూడో రోజే తెరుస్తున్నానని చెప్పాడు. వేడిమీద ఉండగా చల్లగాలి తగిలితే కప్పు లోపల బిగుసుకుంటుందట. కొన్ని అప్పటికప్పుడే చీలతాయి. కొన్ని పంతం పట్టి కూర్చుని, మోగినంతసేపు మోగి, రెండ్రోజులకో మూడ్రోజులకో ఎవరూ ముట్టుకోకుండానే చీలతాయి.

"మూడో రోజే తెరవమని ఎవరన్నారు?"

మేస్త్రి గడ్డంతో ఆఫీసు అద్దాల కిటికీని చూపించాడు.

"మరి ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగారమ్మా? ఆ పుస్తకంలో నాకు గడి లేదుగా."

ఆమె రెండు కప్పులూ పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. దారం సంగతి, సిరా సంగతి, బట్టీ సంగతి వరసగా చెప్పింది. ఇందులో చెవీ లేదు, చెయ్యీ లేదంది. సూపర్‌వైజరు ఓపిగ్గా విన్నాడు. కప్పుల్ని వెలుగులో తిప్పి చూశాడు.

"ఎక్కడ పగిలాయివి?"

"నా అలమారులో."

"అలమారు ఏ గదిలో ఉంది?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పుస్తకం తెరిచి ఎడమ గడిలో రెండు అని రాశాడు. బట్టీ సంగతి మేస్త్రి చూసుకుంటాడని, ఎవరి పని వాళ్లు చేస్తే కప్పులు పగలవని, రేపు నెలాఖరని గుర్తుచేశాడు. ఆయన పెన్ను మూత పెడుతుండగా చెవమ్మకు పాచిక మిగిలిన ముఖం కనిపించింది. గీత గీసిన చెయ్యి గీతకు ఏ పక్కనా లేదు.

ఇంటికి వెళ్లేసరికి తోడికోడలు మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెవమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఈ మూడు వారాల్లో అంత దగ్గరగా కూర్చోలేదు. నలభై ఎనిమిది కప్పుల కథంతా చెప్పింది, సూపర్‌వైజరు దగ్గర చెప్పనిది కూడా.

"నిన్ను పట్టుకోవడానికే పెట్టాను" అంది.

తోడికోడలు చేట కిందపెట్టింది. "నేనూ పెట్టాగా. పాలు."

"తెలుసు. పొయ్యి వెలిగించకుండా పాలు పొంగించిన మనిషివి నువ్వొక్కతెవే."

"మరి నువ్వు? గడియారం దగ్గర సుద్దగీత. గడియారానికి పెళ్లిచూపులేమో అనుకున్నా."

 లోపల మరిది దగ్గాడు.

"మీ ఆయన ఆవేళ పాచిక కథ ఎవరికోసం చెప్పాడు?" అడిగింది చెవమ్మ.

"నాకూ అదే అనుమానం. నీ తరఫునే మాట్లాడుతున్నాడనుకుని రెండ్రోజులు కాఫీలో చక్కెర వెయ్యలేదు. కిక్కురుమనకుండా తాగాడు."

చెవమ్మ నవ్వబోయి ఆగింది. ఆగడం ఆమె వృత్తి. రెండు కప్పుల సంగతే తేలిందని, గోడౌనులో తేలినవాటిలో ఒక్కటైనా నీ చేతిలో పగల్లేదని ఎవరు చెప్పగలరని అడిగింది. తోడికోడలు తల ఊపింది.

"చెప్పలేను. నీ చెవి దాటి ఒక్కటైనా రాలేదని నువ్వూ చెప్పలేవు."

"చెప్పలేను."

ఆ మాట ఇద్దరి మధ్యా ఉండిపోయింది. దాన్ని ఎవరూ తీసేయడానికి చూడలేదు. తోడికోడలు చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రేపు ఏం చేస్తావని అడిగింది. తట్టకుండా ఎలా ఉంటానంది చెవమ్మ. అది జవాబో ప్రశ్నో తోడికోడలికి తెలియలేదు.

మర్నాడు పొద్దున చెవమ్మ ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చింది. బల్ల తుడిచింది. పుల్ల తీసి బల్ల అంచున పెట్టింది. మొదటి ట్రే వచ్చింది. ఆమె పుల్ల ముట్టుకోలేదు. కప్పుల మీద అరచెయ్యి ఆనించి చూసి, ట్రేను గోడవారకు నెట్టింది. రెండోది వచ్చింది. దాన్నీ అంతే. అయిదు ట్రేలు గోడవార నిలిచాక, పెన్సిల్‌తో ఒక అట్టముక్క మీద, చల్లారలేదు, రేపు తడతాను అని రాసి మొదటి ట్రేకు ఆనించింది. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కట్టే గదిలో కాగితం చప్పుడు ఆగింది. కాసేపటికి తోడికోడలు గుమ్మంలోకి వచ్చింది. అట్టముక్క చదివింది. చెవమ్మ ముఖం చూసింది. తనూ అరచెయ్యి చాచి మొదటి ట్రేలోని కప్పు మీద పెట్టి చూసింది, చెవమ్మ మాట నమ్మనట్టుగా. తర్వాత ఖాళీ పెట్టె ఒకటి బోర్లించుకుని పక్కన కూర్చుని, ట్రే అంచున చెయ్యి వేసింది.

వరండాలో సూపర్‌వైజరు చెప్పుల చప్పుడు ముందు చెవమ్మకే వినిపించింది. ఆయన ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు.

"వస్తున్నాడు" అంది.

తోడికోడలికి ఇంకా ఏమీ వినిపించలేదు. అయినా నమ్మింది, ట్రే మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.